పుచ్చిన దవడపండ్లను నిలుపుకొనుట

భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959లో పనిచేయనారంభించినది. ఉద్యోగార్థమై వచ్చిన తెలుగు కుటుంబములు పెక్కు ఆ పట్టణమున స్థిరపడినవి. నెహ్రూ నగర్ మొదలగు పేటలలోనివారైనను, మరి యెచటివారైనను, షిఫ్టు పని చేయువారు పంటిపోటును మాత్రలతో అణచుకొని, తుదకు సెలవు దొరికిన దినమున పన్ను పీకించుకొనుట కద్దు. ఇది తప్పించుకొనదగిన నష్టము.

మొదటి శాశ్వతపు దవడపన్ను సుమారు ఆరవయేట మొలచును. అది ఏ పాలపన్నును ఊడకయే, పాలపండ్ల వెనుక వచ్చును. కావున తల్లిదండ్రులు దానిని పాలపన్నని తలచి ఉపేక్షింతురు. అది పోయినచో మరల రాదు. ప్రక్కపండ్లు ఆ సందులోనికి ఒరగును; నమలుట కష్టమగును.

పుచ్చు చిన్నదైనపుడు దానిని కాంపోజిట్ రెజిన్‌తో పూడ్పవచ్చును. ఇది సన్నని గాజుపొడి కలిపిన రెజిన్ ముద్ద. పంటి రంగులోనే యుండును. పంటిని ఆమ్లముతో గరుకు చేసినచో రెజిన్ గట్టిగా అంటునని 1955లో మైకేల్ బునొకోర్ అను అమెరికా దంతవైద్యుడు చూపెను. పాదరసము కలిసిన వెండి సిమెంటు తనంతట పంటికి అంటదు; అది నిలుచుటకై మంచి భాగమును సైతము కొంత చెక్కవలసివచ్చును. రెజిన్‌కు చెడిన భాగమును తొలగించిన చాలును. పాదరసపు వాడుకను తగ్గించుటకై 2013లో ఏర్పడిన మినమాటా ఒప్పందమును భారతదేశము 2018లో ధ్రువపరచినది.

అయితే ఈ పనికి ఓర్పు కావలెను. లాలాజలము తగిలిన రెజిన్ సరిగా అంటదు. కావున పన్ను పొడిగా నుండవలెను. రెజిన్ గట్టిపడునపుడు కొంచెము కుంచించుకొనును. అందుచే వైద్యుడు దానిని సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా పెట్టి, ప్రతి పొరను నీలికాంతితో గట్టిపరచును. సాధారణముగా ఒక్కసారి కూర్చున్నంతలో పని ముగియును. తిమ్మిరి వదలిన పిమ్మట నాడే భోజనము చేయవచ్చును. షిఫ్టు పనివారికిది గొప్ప సౌకర్యము.

రాత్రివేళ పన్ను తనంతట పోటెత్తినచో పుచ్చు నరమును చేరినదేమోయని శంకింపవలెను. అపుడు రెజిన్ మాత్రమే చాలకపోవచ్చును. మొదట రూట్‌కెనాల్ చికిత్స కావలసివచ్చును. పన్ను మిక్కిలి విరిగినచో తొడుగు వేయవలసియుండును.

పూడ్చిన పంటి అంచున మరల పుచ్చు పట్టవచ్చును. కనుక దినమునకు రెండు మారులు ఫ్లోరైడు గల పేస్టుతో తోముకొనవలెను. తీపి చిరుతిండ్లు తగ్గింపవలెను. ఛత్తీస్‌గఢ్‌లో కొందరు పండ్లకు రుద్దుకొను గుడాఖు పొగాకుతో చేసినది. దానిని బొత్తిగా మానవలెను.

దవడపంటిపై నల్లని గుంట కనబడినపుడే దంతవైద్యునికి చూపవలెను. నొప్పి వచ్చువరకు వేచియుండుట పన్నును పోగొట్టుకొనుటకు దారితీయును.