బటన్ పోయి అద్దం వచ్చింది

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు అడిగారు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి రిపేరు పనిలో స్థిరపడినవాణ్ణి కనుక, రోజూ నా బల్ల మీదకు వచ్చే వస్తువుల గురించే రాస్తున్నాను. ఫోన్ మొదలుకొని పొయ్యి వరకు అన్నిటికీ బటన్లు పోయి నున్నటి అద్దం వస్తున్నది. దీనివల్ల ఎవరికి లాభం, ఎవరికి కష్టం అన్నది మన ప్రశ్న.

ముందుగా బటన్ చేసే పని ఏమిటో చూద్దాం. రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు మన డార్మిటరీలో కళ్ళు తెరవకుండానే గోడ తడిమి స్విచ్చి వేస్తాం. ఫ్యాను రెగ్యులేటరు 'టక్ టక్' మని ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి 3లో పెట్టామా 4లో పెట్టామా చెప్పగలం. బటన్ ఫోన్‌లో 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది. కంప్యూటరు కీబోర్డులో ఎఫ్, జె అక్షరాల మీదా ఉంటుంది. చూడకుండానే వేలు తన చోటు వెతుక్కోవడానికి పెట్టిన గుర్తులవి. నొక్కితే లోపల రబ్బరు గిన్నె కుంగి మళ్ళీ లేస్తుంది, పని జరిగిందని వేలికి తెలుస్తుంది.

ఇది చిన్న విషయం కాదని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్లు ప్రాణాలు పోగొట్టుకొని నేర్చుకున్నారు. బి-17 వంటి బాంబరు విమానాలు క్షేమంగా నేల మీదకు దిగాక పైలట్లు రెక్కల ఫ్లాపులు ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. పైలట్లకు శ్రద్ధ లేదని కొందరు అనుకున్నారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వెళ్ళి చూస్తే, ఆ రెండు మీటలూ పక్కపక్కనే ఒకే ఆకారంలో ఉన్నాయి. చక్రాల మీటకు చక్రం బొమ్మ, ఫ్లాపుల మీటకు రెక్క వంటి చీలిక తగిలించమన్నాడు. నేటికీ విమానాలలో చక్రాల మీట చివర చిన్న చక్రం ఆకారమే ఉంటుంది.

ఇక అద్దం సంగతి. టచ్ ఫోన్ అద్దం కింద ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి పారదర్శక పూత ఉంటుంది. దానిలో కొద్దిపాటి విద్యుదావేశం ఉంటుంది. మన శరీరం విద్యుద్వాహకం కనుక వేలు దగ్గరకు రాగానే ఆ ఆవేశం కొంచెం మారుతుంది. ఎక్కడ మారిందో లోపలి చిప్పు లెక్క కడుతుంది. అంటే ఇక్కడ 'నొక్కడం' అనేదే లేదు. ఎంత గట్టిగా నొక్కినా ప్రయోజనం లేదు. కావలసింది కొంచెం తేమ ఉన్న, మెత్తటి చర్మం. పొడిబారి మందమైన చర్మం కింద అసలు వాహకం దూరంగా ఉంటుంది, సంకేతం బలహీనపడుతుంది. తడి చేతితో ముట్టుకుంటే నీరే వాహకమై లెక్క తప్పిస్తుంది.

ఇప్పుడు మన ఇళ్ళలోని చేతులు గుర్తుచేసుకోండి. వరి కోసినవి, తాపీ పట్టినవి, ఇటుకలు మోసినవి. కాయలు కాచిన ఆ చేతులతో నాన్న మూడుసార్లు ముట్టుకున్నా ఫోన్ పలకదు. "మనకు చదువు లేదు, ఇవి మనకు రావులేరా" అని ఆయన పక్కన పెట్టేస్తాడు. అదే మనిషి నోకియా 1100 మీద ఏ ఇబ్బందీ లేకుండా కూతురికి ఫోన్ చేసేవాడు. 2003లో వచ్చిన ఆ ఫోన్‌కు దుమ్ము దూరని రబ్బరు కీప్యాడ్, పైన టార్చి లైటు ఉండేవి. ప్రపంచంలో 25 కోట్ల దాకా అమ్ముడుపోయింది. దానిని ఎవరి చేతులను దృష్టిలో పెట్టుకొని చేశారో చూస్తేనే తెలుస్తుంది.

కంపెనీలు అద్దం వైపు ఎందుకు వెళ్ళాయంటే, ఇరవై బటన్లకు ఇరవై రంధ్రాలు, ఇరవై స్ప్రింగులు కావాలి. అద్దం ఒక్కటే చాలు. అరిగేవి లేవు, కొత్త పని కావాలంటే సాఫ్ట్‌వేరు మారిస్తే సరి. మనకూ లాభం లేకపోలేదు. పాత కీప్యాడ్ మీద తెలుగులో ఒక వాక్యం కొట్టాలంటే ప్రాణం విసిగేది. ఇవాళ అచ్చులు, హల్లులు, గుణింతాలు అద్దం మీదే కనిపిస్తున్నాయి. 2007లో ఐఫోన్ వచ్చాకే కదా ఈ మార్పు ఊపందుకున్నది. కాబట్టి టచ్ ఫోన్‌ను నేను తిట్టను. నా అభ్యంతరమల్లా చూపు వేరే చోట ఉండవలసిన పనులకు కూడా అద్దం పెట్టడం మీద.

కారు సంగతే తీసుకోండి. 2022లో స్వీడన్‌లోని ఒక కార్ల పత్రిక గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతూ రేడియో పెట్టడం, వేడి సరిచేయడం వంటి నాలుగు పనులు డ్రైవర్లతో చేయించింది. బటన్లున్న 2005 నాటి వోల్వోలో 10 సెకన్లు పట్టింది, ఆలోగా బండి 306 మీటర్లు పోయింది. తెర ఉన్న కొత్త కార్లలో చివరన నిలిచినదానికి 44.9 సెకన్లు పట్టింది. అంటే 1,372 మీటర్లు. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర జాన్ ఎస్. మెకైన్ అనే అమెరికా యుద్ధనౌక చమురు ఓడను ఢీకొని 10 మంది నావికులు చనిపోయారు. రెండు ఇంజన్ల వేగం తగ్గించామనుకొని తెర మీద ఒకదానిదే తగ్గించారు. తగిన శిక్షణ లేకపోవడంతో పాటు ఆ టచ్ తెర తీరు కూడా కారణమని విచారణలో తేలింది. 2019లో ఆ నౌకాదళం మళ్ళీ చేతి మీటలకు మారాలని నిర్ణయించింది. యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ కూడా 2026 నుంచి హారన్, వైపర్లు, ఇండికేటర్ల వంటివాటికి విడి మీటలు లేకపోతే మార్కులు తగ్గిస్తున్నది.

చూపు లేని విద్యార్థికి టచ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంది. అదే విద్యార్థి ఇంట్లో నున్నటి ఇండక్షన్ పొయ్యి ముందు నిలబడితే దానికి నోరూ లేదు, వేలికి తగిలే గుర్తూ లేదు.

అందుకు భిన్నమైన యంత్రం ఒకటి మన హైదరాబాదులోనే ఇ.సి.ఐ.ఎల్.లో తయారవుతున్నది, ఓటింగు యంత్రం. 1982లో కేరళలోని పరూరులో మొదట వాడారు. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతా వాడారు. ఒక్కో గుర్తు పక్కన ఒక్కో నీలి బటన్. నొక్కగానే ఎర్ర లైటు, 'బీప్' శబ్దం. పక్కన బ్రెయిలీ అంకెలు. అక్షరం రాని అవ్వ నుంచి కలెక్టరు గారి వరకు అదే బటన్. దానిని టచ్ తెరగా మార్చి ఉంటే కాయలు కాచిన వేళ్ళతో వరుసలో నిలబడ్డవారి గతి ఏమిటో ఆలోచించండి.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల ఫోన్ తీసి చూడండి. అద్దం మీద మందపాటి గార్డు ఉంటే పలచటిది వేయించండి. కొన్ని ఫోన్ల సెట్టింగులలో టచ్ సెన్సిటివిటీ పెంచే వీలుంటుంది, అది ఆన్ చేయండి. ముట్టుకునే ముందు వేలిని తడిగుడ్డకు ఒకసారి అద్దుకోమనండి. పొయ్యికి, వాషింగ్ మిషనుకు అద్దపు బటన్లుంటే, ఆన్ గుర్తు మీద కాకుండా దాని పక్కన చిన్న ఎత్తు బిళ్ళ అంటించండి. గోళ్ళరంగు చుక్క రెండు మూడు పొరలుగా పెట్టినా సరిపోతుంది. ఆరాక కళ్ళు మూసుకొని వేలితో వెతికి చూడండి.