పాత గోవాలోని అగస్టీను చర్చి గోపురము

వాడుక తప్పిన సత్రముగాని, గుడిగాని, మసీదుగాని, చర్చిగాని ఎన్నేండ్లు నిలుచును? పాత గోవాలో ఒక గుట్టపై దీనికి జవాబు కలదు. ఒకప్పుడు 46 మీటర్ల ఎత్తుగల చర్చి గోపురములో నేడు సగమే మిగిలియున్నది.

అగస్టీను సన్న్యాసులు 1572లో గోవాకు వచ్చిరి. వారి మఠమునకు చేరిన ఈ చర్చి 1597లో ఆరంభమై 1602లో ముగిసినది. ప్రక్కల ఎనిమిది ఉపమందిరములు ఉండెడివి. గోడలు ఎఱ్ఱని లాటరైటు రాతివి. ఈ రాయి గనిలో మెత్తగా ఉండి సులభముగా తెగును. గాలి సోకినకొలది గట్టిపడును. అయినను దానినిండ సన్నని రంధ్రములే, వాననీటిని పీల్చును. కనుక పైన సున్నపు పూత వేయవలెను, దానిని మరల మరల పునరుద్ధరింపవలెను. గోవా వానలలో ఆ పూతయే గోడకు గొడుగు. ఇక కమాను కప్పు తన బరువును క్రిందికేగాక ప్రక్కలకును నెట్టును. గోడ సడలినచో కప్పు నిలువదు.

1835లో పోర్చుగీసు ప్రభుత్వము సన్న్యాస సంఘములను తొలగించగా మఠము పాడుపడెను. 1842లో కప్పు కూలెను. 1931లో ముఖభాగమును, గోపురములో సగమును పడిపోయినవి, 1938లో మరికొంత. శత్రువులెవ్వరును దీనిని కూల్చలేదు! 233 ఏండ్లు నిలిచిన కట్టడపు కప్పు, వదలివేసిన ఏడేండ్లకే పోయినది. పెద్ద గంట మాత్రము అదృష్టము గలది. 1871 నుండి పణజి చర్చిలో ఉన్నది.

ఈ శిథిలములు నేడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. కేంద్ర రక్షిత కట్టడమునకు 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణము నిషిద్ధము; ఆపై 200 మీటర్ల వరకు అనుమతి కావలెనని సభ్యులు గుర్తింపవలెను. రక్షణ పట్టికలో చేరక, పంచాయతీ ఆధీనమందున్న పాత కట్టడముల సంగతి వేరు. కప్పుపై మొలచిన రావిమొక్కను చిన్నదిగా ఉన్నపుడే వేరుతో తీయించుట, తూములు శుభ్రపరచుట, రాలిన సున్నమును ఎండకాలముననే పూయించుట మన పనులే. వీనికగు వ్యయము స్వల్పము.

పాడుపడిన చోట కూడ చరిత్ర దాగియుండును. జార్జియా దేశపు రాణి కెతెవాన్ 1624లో పారశీకమందలి షిరాజు నగరమున చంపబడెను. ఆమె అస్థికలను అగస్టీను సన్న్యాసులు 1627లో ఈ మఠమునకు తెచ్చిరి. ఇచ్చట తవ్వకములలో దొరికిన ఎముకను మన హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధనాలయము వారు పరీక్షించి, అది రాణిది కావచ్చునని 2013లో తేల్చిరి. 2021లో భారత ప్రభుత్వము ఆ అస్థికలలో ఒక భాగమును జార్జియాకు అప్పగించినది.