చామంతికి చీకటి కావాలి: ఇంటి తోటలో ఎంపిక, పెంపకం

హోసూరు పీఠభూమిలో చామంతి ఇంటింటి పువ్వు. తెలుగువారు చామంతి అనే ఈ పువ్వును తమిళులు సామంది అనీ, కన్నడిగులు సేవంతిగె అనీ పిలుస్తారు. దసరా మొదలు కార్తిక మాసం వరకు పూజకూ, జడకూ, గుమ్మానికీ ఇదే కావాలి. అయినా పట్టణంలో చామంతి పెంచేవారికి తరచుగా ఒక నిరాశ ఎదురవుతుంది. మొక్క ఏపుగా పెరుగుతుంది, ఆకులు నిగనిగలాడుతాయి, మొగ్గ మాత్రం కనిపించదు. అది గొడ్డు మొక్క అని నిర్ణయించి పీకివేస్తారు. అనేక సందర్భాలలో దోషం మొక్కది కాదు, మట్టిది కాదు. రాత్రంతా దానిపై పడుతున్న దీపపు వెలుగుది.

రాత్రి నిడివిని కొలిచే మొక్క

పగలు, రాత్రుల నిడివిని బట్టి మొక్కలు పూతకు వస్తాయని గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో ప్రకటించారు. మొక్క నిజంగా కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని అని తరువాతి పరిశోధనలు తేల్చాయి. చామంతి దీర్ఘరాత్రులలో పూచే జాతి. హోసూరులో జూన్ నెలలో పగలు సుమారు 12 గంటల 50 నిమిషాలు, డిసెంబరులో సుమారు 11 గంటల 20 నిమిషాలు ఉంటుంది. వర్షాకాలం గడిచి రాత్రులు పెరిగేకొద్దీ కొమ్మల చివరలు ఆకులు వేయడం మాని మొగ్గ తొడుగుతాయి. నడిరాత్రి కొంతసేపు వెలుగు పడినా ఆ లెక్క తప్పుతుంది. మొక్క ఒక దీర్ఘరాత్రిని రెండు చిన్న రాత్రులుగా గ్రహిస్తుంది. పూతను కావాలని ఆలస్యం చేయదలచిన వాణిజ్య రైతులు రాత్రివేళ దీపాలు వెలిగించేది ఇందుకే. ఇంటివారు తెలియక చేస్తున్నదీ అదే పని.

ఎంపిక

మాలలకు, పూజకు చిన్న పూల రకాలు మేలు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన కో-1 పసుపు పూలనూ, కో-2 ఊదా పూలనూ ఇస్తాయి. అలంకారానికైతే కుండీకి కొద్ది పూలే పూచే పెద్ద రకాలు ఉన్నాయి. చుట్టూ ఒకటి రెండు వరుసల రేకులు, నడుమ మెత్తని దిండు వలె ఉబ్బిన భాగం గల వాటిని ఎనిమోన్ రకం చామంతులు అంటారు. ఎనిమోన్ అనే శీతలదేశపు పువ్వును పోలి ఉండడం వల్ల వాటికి ఆ పేరు వచ్చింది.

నర్సరీలలో విరగబూసి ఉన్న పొట్టి మొక్కను కొనేవారు ఒక విషయం గమనించాలి. అటువంటి మొక్కలను తరచుగా ఎదుగుదల తగ్గించే మందులతో పొట్టిగా ఉంచుతారు. మరుసటి ఏడు అవి పొడవుగా సాగడం సహజం. పొరుగింట ఏటా పూస్తున్న మొక్క నుంచి తీసుకున్న పిలక అన్నిటికంటే నమ్మకమైనది.

నాటడం, తుంచడం

ఏప్రిల్ నుంచి జూన్ వరకు పిలకలను గాని, వేరుపోసిన కొమ్మ చివరలను గాని నాటవచ్చు. పది అంగుళాల కుండీకి ఒక మొక్క చాలు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన ఎరువు సమపాళ్ళలో కలపాలి. అడుగు రంధ్రం మూసుకుపోరాదు. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. రోజుకు ఆరు గంటల ఎండ అవసరం. కుండీ కింది పళ్ళెంలో నీరు నిలవనిస్తే దోమలు పెరుగుతాయి కనుక దానిని తరచుగా ఒంపివేయాలి.

నాటిన నాలుగు వారాలకు కొనను తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. మూడు వారాల తరువాత మరొకసారి తుంచవచ్చు. ఆగస్టు దాటిన పిమ్మట తుంచరాదు. ఆ కొనలలోనే మొగ్గలు రావలసి ఉంది.

వీధిదీపం సమస్య

రాత్రి తొమ్మిది గంటలకు కుండీ దగ్గర వార్తాపత్రికను తెరచి చూడాలి. అక్షరాలు చదవగలిగితే ఆ చోటు చామంతికి తగదు. వెన్నెల వల్ల భయం లేదు. అది మిక్కిలి మందమైన వెలుగు. సెప్టెంబరు మొదలుకొని కుండీని మిద్దె మీద చీకటి మూలకో, గోడ చాటుకో మార్చడం సులభమైన ఉపాయం. నేలలో నాటిన మొక్కకు నాలుగు కర్రలు పాతి, సంధ్యవేళ నల్లని మందపాటి గుడ్డ కప్పి, సూర్యోదయం కాగానే తీసివేయాలి. మొగ్గలు రంగు చూపే వరకు ఈ క్రమం ఒక్క రోజు కూడా తప్పకుండా సాగాలి.

వీధిదీపాన్ని ఆర్పడం, దానికి అడ్డు కట్టడం మాత్రం చేయకూడని పని. అది బాటసారుల క్షేమానికి ఉద్దేశించినది. అడ్డు ఎప్పుడూ మొక్క వైపే ఉండాలి. ఇంటి వరండా దీపం గృహస్థుని చేతిలోనిదే కనుక అవసరం తీరగానే ఆర్పవచ్చు.

చీడలు, పూత తరువాతి పని

మొగ్గల వద్ద నల్లని పేనుబంక చేరితే ముందు నీటి ధారతో కడగాలి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం చల్లాలి. అడుగు ఆకులపై నల్లమచ్చలు వస్తే వాటిని తుంచి తోట బయట పారవేసి, నీటిని ఆకులపై కాక మొదట్లోనే పోయాలి.

పూత ముగియగానే కాడలను నేలకు జానెడు ఎత్తున కత్తిరించాలి. మొదలు చుట్టూ లేచే పిలకలే మరుసటి ఏటి మొక్కలు. ఈ ఏడు పూయని మొక్కను కూడా పారవేయనక్కరలేదు. దానినీ ఇట్లే కత్తిరించి, వచ్చే సెప్టెంబరులో చీకటిచోట ఉంచితే చాలు.