బడి దగ్గరే ఆగిపోకు

చీమకుర్తి

చిరంజీవి అమ్మడికి,

నాగార్జున యూనివర్సిటీ ఎడ్యుకేషన్ విభాగంలో నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పినప్పుడు నాకు మాట రాలేదు. మన ఇళ్లల్లో బడిలో పాఠం చెప్పినవాళ్లం ఉన్నాం గానీ, బడి గురించి పరిశోధన చేసేవాళ్లు ఇంతదాకా లేరు. నువ్వు పంపిన సినాప్సిస్ రెండుసార్లు చదివాను. నాలుగు మండలాలు, 600 మంది తల్లిదండ్రులు, చదువు పట్ల వాళ్ల వైఖరి మీద 50 ప్రశ్నలు. ఈ పద్ధతి నాకు నచ్చలేదమ్మా. కారణం చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

నేను సర్వీసులో ఉండగా ఇలాంటి ప్రశ్నావళి మా బడికీ ఒకటి వచ్చింది. తెచ్చినతను సాయంత్రంలోగా నింపి ఇమ్మన్నాడు. అవతల పిల్లలకి అన్నాలు వడ్డించాలి, ఇవతల పేపర్లు దిద్దాలి. టీచర్లమందరం ‘ఏకీభవిస్తున్నాను’ అన్న గళ్లలో వరసగా టిక్కులు పెట్టి ఇచ్చేశాం, చదవకుండానే. ఆ టిక్కులు కూడి, భాగించి ఎవరో థీసిస్ రాసే ఉంటారు. అందులో మా అబద్ధం ఉంది. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధపడతాను. ఏం తేలిందో చెప్పటానికి మళ్లీ ఎవరూ మా బడికి రాలేదు కూడా. నీ 600 కాయితాలూ అలాగే నిండితే నీ లెక్కలు ఎంత గట్టివైనా లాభమేముంది?

మన రాష్ట్రం బడుల మీదే జరిగిన ఒక మంచి పరిశోధన సంగతి చెప్తాను. 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఇద్దరు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కొన్నేళ్లపాటు పనిచేశారు. లాటరీ తీసి కొన్ని బడులకి ఒక సాయం ఇచ్చేవారు, కొన్నిటికి ఇచ్చేవారు కాదు. రెండు రకాల బడుల పిల్లలకీ ఒకే పరీక్ష పెట్టేవారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్ ఇస్తే ఏమవుతుందో చూశారు. అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్ని ఇస్తే ఏమవుతుందో చూశారు. బోనస్ ఫలితం చదివినప్పుడు నాకు కొంచెం గుచ్చుకుంది: టీచర్ల గైర్హాజరు తగ్గలేదు, వచ్చిన రోజుల్లో మాత్రం ఎక్కువ పాఠం చెప్పారు.

నువ్వు చూడాల్సింది వేరేది. అదే వరసలో కొన్ని బడులకి నోటుపుస్తకాలు, పలకలు, చదువుకునే సామాను కొనమని డబ్బిచ్చారు. మొదటి ఏడు పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు అంతే డబ్బిచ్చినా పెరుగుదల లేదు. డబ్బు ఎవరూ తినలేదు. మరేం జరిగింది? పరిశోధకులు ఇళ్లకి వెళ్లి ఖర్చులు అడిగారు కాబట్టి తెలిసింది. మొదటి ఏడు బడి పుస్తకాలిస్తుందని తల్లిదండ్రులకి ముందు తెలియదు, ఎప్పట్లాగే తామూ కొన్నారు. రెండో ఏడు బడే ఇస్తుందని తెలిసి, ఆ మేరకి తమ ఖర్చు తగ్గించుకుని ఇంట్లో మరో అవసరానికి వాడుకున్నారు. వాళ్లని తప్పుపట్టటానికి లేదు, నేనైనా అదే చేసేదాన్ని. జాంబియాలో కూడా ఇదే కనపడిందని, ఈ ఫలితాలు అచ్చైన 2013 వ్యాసంలో ఉంది. బడి గోడల మధ్యే లెక్కలు వేసుంటే ‘డబ్బిచ్చినా ప్రయోజనం లేదు’ అని రాసి ఊరుకునేవాళ్లు.

అందుకే చెప్తున్నా, బడి దగ్గరే ఆగిపోకు. ఇంటిదాకా వెళ్లు.

మన ఊరి సంగతే తీసుకో. గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో పనికి ఒడిశా నుంచీ, ఉత్తరాది నుంచీ వచ్చినవాళ్ల పిల్లలు నా తరగతిలో ఉండేవాళ్లు. ‘తెలుగులో వెనకబడ్డారు’ అని రికార్డులో నేనే రాశాను. ఇంట్లో వాళ్లు ఏ భాష మాట్లాడతారో అడగాలని చాలాకాలం తోచలేదు నాకు. 2004లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే సవర, కోయ, గోండి లాంటి ఎనిమిది భాషల గిరిజన పిల్లలకి ఇంటి భాషలోనే చదువు మొదలుపెట్టారు. క్వారీ పిల్లల కోసం అలాంటి పుస్తకం ఒక్కటి కూడా నా సర్వీసులో నా చేతికి రాలేదు. ఇది పరిశోధన చెయ్యాల్సిన ప్రశ్న కాదంటావా?

మిరపకోతలు ఇంకోటి. కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు పెద్దపిల్లలు చేలకి పోతారు, చిన్నవాళ్లు పసిపిల్లల్ని ఆడిస్తూ ఇంట్లో ఉంటారు. తీరా పరీక్షల వేళకి వచ్చి రాస్తారు. రిజిస్టరు చూస్తే ఏడాది హాజరు శాతం కనపడుతుంది గానీ, ఏ నెలలో ఏ పాఠం పోయిందో కనపడదు. భాగహారం చెప్పిన మూడు వారాలూ రాని పిల్ల ఆ తర్వాత ఏడాదంతా వచ్చినా లెక్కల్లో తడబడుతూనే ఉంటుంది.

నా మాట విని 600 మందిని వదిలెయ్. ముప్పై ఇళ్లు పెట్టుకో, రెండేళ్లు అవే ఇళ్లకి వెళ్లు. మీ గైడ్ గారు శాంపిల్ చిన్నదంటే, 2002 నుంచి మన ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం చూపించు. అంత పెద్దది నీ ఒక్కదానివల్ల కాదు. కానీ అదే పిల్లల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లటం నీ చేతిలో పనే.

ప్రశ్నల భాష కూడా మార్చు. ‘నా బిడ్డ విద్య పట్ల నాకు సానుకూల దృక్పథం కలదు’ అని రాళ్లు కోసొచ్చిన మనిషిని అడిగితే ఏం చెప్తాడు పాపం? ‘నిన్న రాత్రి మీ పిల్ల పుస్తకం తీసిందా? అప్పుడు లైటుందా? పక్కన ఎవరు కూర్చున్నారు?’ అని అడుగు. పిల్లల పేర్లు మాత్రం ఎక్కడా రాయకు. బడికి వెళ్లేటప్పుడు మండల విద్యాధికారి (ఎంఈవో) గారిని వెంటబెట్టుకుని పోకు, తనిఖీ అనుకుని బడి మొత్తం బిగుసుకుపోతుంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు వారం ఎక్కువ ఉండేట్టు రా. ఇక్కడ కూలీల ఆటోలు పొద్దున ఆరింటికల్లా బయల్దేరతాయి. మనిద్దరం అక్కడ నిలబడి ఎక్కే పిల్లల్ని చూద్దాం. సెలవులయ్యాక తొమ్మిదింటికి బడికెళ్లి, ఏ బెంచీలు ఖాళీగా ఉన్నాయో చూద్దువుగాని.

మీ పెద్దమ్మ