పూదుంపలకు కావలి నల్లులు

మత్తూరునుండి హోసూరు వరకు నేలసంపెంగ నెరుగని యిల్లుండదు. పెండ్లిమాలకైనను, దేవుని పటమునకైనను ఆ తెల్లని పూవులు కావలసినదే. తమిళులు దీనిని నిలసంపంగి యందురు, కన్నడిగులకు ఇది సుగంధరాజ, ఉత్తరదేశమున రజనీగంధ. ఇన్ని పేర్లు పెట్టుకొని మనము సొంతము చేసికొన్న యీ మొక్క పుట్టినిల్లు మాత్రము మెక్సికో. దీనికి విత్తనములు చల్లరు, దుంపలను నాటుదురు. కావున దుంప చెడినచో తోటయే చెడును.

ఉల్లి, వెల్లుల్లి, లిల్లీ, తులిప్ మొక్కలకు పొరలు పొరలుగా నుండు దుంపను వృక్షశాస్త్రమున లశునమందురు. మొక్క తన రాబోవు దినములకై ఆహారమును అందులో దాచుకొనును. దాచిన చోటికి దొంగ వచ్చుట లోకసహజము గదా! ఆ దొంగలలో నొకటి దుంపనల్లి.

నల్లి యనగానే మంచపు నల్లిని తలపవద్దు. అది ఆరు కాళ్ల కీటకము. ఇది సాలీడుకు చుట్టము, పెరిగిన పిమ్మట ఎనిమిది కాళ్లుండును. దుంపనల్లి నిడివి మిల్లీమీటరుకు లోపే. ముత్యమువలె తెల్లనై, మందముగా కదలును. గాయపడిన చోటునుండియో, మెత్తబడిన చోటునుండియో దుంపలో దూరును. అది తొలిచిన దారిని కుళ్లు ప్రవేశించును. తిండి కరవైనప్పుడు ఒక ప్రత్యేక దశను దాల్చి, ఈగలకో పెంకుపురుగులకో అంటుకొని వేరొక దుంపకు పోవును. బండికూలి యియ్యని ప్రయాణికుడన్నమాట.

మందు చల్లిన చాలదా యని తల్లిదండ్రు లడుగవచ్చును. పొరల నడుమ దాగిన నల్లికి మందు సులభముగా తగులదు. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి గలదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట డి.డి.టి. వంటి మందులు విరివిగా వాడిన తోటలలో, అంతకుముందు అంతగా లెక్కలోనికి రాని ఎర్రనల్లి పెచ్చుపెరిగెను. దానిని తిను జీవులను మందు చంపివేయుటయే అందుకొక ముఖ్యకారణము. నేడు హోసూరు గులాబీ తోటలను బాధించునదియు ఈ ఎర్రనల్లియే. లోకములో అక్కడక్కడ ఇది తొంభైకి పైగా మందులకు లొంగని శక్తిని సంపాదించినది. మందు చల్లిన చేతులకు కలుగు హాని వేరే చెప్పనక్కరలేదు. హాలెండులో దోసతోట పెంచుచుండిన యాన్ కోపెర్ట్ అను రైతు, మందులు తన దేహమునకు పడకపోవుటచే, 1960ల చివరిలో ఎర్రనల్లిని తిను మరియొక నల్లిని తోటలో విడిచెను.

దుంపల విషయమునను ఆ దేశమువారే ముందుగా శ్రమించిరి. అచ్చట లిల్లీ దుంపను పొరలుగా విడదీసి, వెచ్చని తేమలో నుంచి, ఒక్కొక్క పొరనుండి చిన్న దుంపలను పుట్టింతురు. ఆ వెచ్చదనమే దుంపనల్లికిని సుఖము. ఇజబెలా లెస్నా, మారిస్ సాబెలిస్ మొదలగు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు హైపోయాస్పిస్ అక్యులీఫర్ అను మట్టినల్లిని దానిపై ప్రయోగించిరి. అది గోధుమరంగుది, చురుకైనది. దుంపజోలికి పోదు, దుంపనల్లిని పట్టి తినును. పొలమునందును పరీక్షించి 2000లో ఫలితములు ప్రకటించిరి.

తులిప్ కథ ఇంతకంటె వింతైనది. ఆ దుంపకు శత్రువు మిల్లీమీటరులో అయిదవవంతు మాత్రముండు, నాలుగే కాళ్లు గల, పురుగువంటి నల్లి. మన వంటింటి వెల్లుల్లిని ఎండగొట్టునదియు అదియే. అది దూరిన సందులో దానిని తిను నల్లి పట్టదు, ఒడలు పెద్దది గనుక. అయితే శత్రువు సోకిన దుంపలో పొరల నడుమ సందు కొంచెము పెరుగుచున్నదని లెస్నా బృందము గమనించెను. ఎథిలీను వాయువు తగిలినను అట్లే జరుగును. మామిడికాయను మాగించు వాయువు అదియే. కృష్ణగిరివారికి దానిని గురించి వేరుగ చెప్పవలెనా! మొక్కయే తన కావలివానికి తలుపు తీయుచున్నదేమో యని వారు 2004లో వ్రాసిరి. ఆ వ్యాసపు శీర్షికనే ప్రశ్నార్థకముతో ముగించుట వారి నిజాయితీకి గుర్తని మేము తలంతుము.

కావలినల్లి సీసాలోని మందు వంటిది కాదు, ప్రాణము గలది. శత్రువు విపరీతముగా పెరిగిన తరువాత విడిచిన ప్రయోజనము స్వల్పము. మట్టి బొత్తిగా ఎండిన బ్రదుకదు. శత్రువు పూర్తిగా నశించినచో దానికిని ఆకలియే. ఒక చేత దానిని విడిచి, మరియొక చేత పురుగుమందు పోయుట కావలివానిని నియమించి కాళ్లు విరుగగొట్టుటయే. కుళ్లిన దుంపను నాటి, నల్లి కాపాడునని కూర్చుండుటయు తగదు. త్రవ్వునప్పుడు గాయము కాకుండ చూచి, మెత్తనివి ఏరివేసి, గట్టివానిని నీడను ఆరబెట్టుట మొదటి పని. ఇది మన పిల్లలు సెలవులలో చేయగల పనియే.

ఈ విద్య మనకు దూరమైనదియు కాదు. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున నల్లులనుగూర్చి ప్రత్యేక పరిశోధన జరుగుచున్నది. ఎర్రనల్లిని తిను నియోసీయులస్ లాంగిస్పైనోసస్ అను నల్లి మన దేశమునందే సహజముగా నున్నది.

విద్యార్థులు ఒక పని చేయవచ్చును. తోటలో కుళ్లుచున్న ఉల్లిగడ్డ క్రింది తేమమట్టిని చారెడు తీసి, నల్లని కాగితముపై పరచి, భూతద్దముతో చూడుడు. తెల్లగా నిదానముగా ప్రాకునవి కొన్ని, గోధుమరంగున పరుగెత్తునవి కొన్ని కనబడవచ్చును. రెండవదానిని చంపకుడు, మట్టితోకూడ మరల దానిచోటనే ఉంచుడు.