పెడల్ ఎందుకు దిగుతోందో చెప్పగలరా? కార్ మెకానిక్ కావాలనుకునేవారికి

పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ తీసుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్లకూ, ఆ సర్టిఫికెట్ పట్టుకుని సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నవాళ్లకూ ఒక ప్రశ్న. కస్టమర్ కారు తెచ్చి, ‘సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కిపట్టి ఉంటే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది’ అన్నాడు. మీరు ముందుగా ఏం చేస్తారు?

‘మాస్టర్ సిలిండర్ మార్చేస్తాను సార్’ అనే జవాబు తేలిగ్గా నోటికొస్తుంది. అది నిజం కావచ్చు కూడా. కానీ బండిని చూడకుండా చెప్పిన జవాబు అది. విప్పడం, బిగించడం కొన్ని నెలలు షెడ్డులో ఉంటే వచ్చేస్తాయి. లోపం ఎక్కడుందో పట్టుకోవడం అలా రాదు. ఈ లైన్‌లో జీతం పెరిగేదీ, రేపు సొంత షెడ్డు పెడితే బళ్లు వెతుక్కుంటూ వచ్చేదీ దానివల్లేనని నా నమ్మకం.

పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ కదిలి బ్రేక్ ఆయిల్‌ని నెడుతుంది. ఆ ఒత్తిడి పైపుల గుండా నాలుగు చక్రాలకూ అందుతుంది. ఫిజిక్స్‌లో చదువుకున్న పాస్కల్ సూత్రమే. ఆయిల్ నలగదు కాబట్టి, తొక్కిపట్టిన పెడల్ ఉన్నచోటే నిలబడాలి. దిగుతోందంటే ఒత్తిడి ఎక్కడో జారిపోతోంది.

అయితే ‘దిగుతోంది’ అనే మాటతో కస్టమర్లు చాలా చెబుతారు. మెత్తగా, స్పాంజిలా ఉంటే లైన్‌లో ఎయిర్ ఉన్నట్టు. మొదటిసారి లోతుకు వెళ్లి, వెంటనే రెండోసారి తొక్కితే పైన పట్టుకుంటే, వెనక డ్రమ్ముల్లో షూలకు గ్యాప్ పెరిగి ఉండవచ్చు. ఇంజన్ ఆపి, పెడల్‌ని నాలుగైదుసార్లు కొట్టి, తొక్కిపట్టి స్టార్ట్ చేస్తే కొంచెం దిగి ఆగుతుంది. అది లోపం కాదు, బూస్టర్ పనిచేస్తోందన్నమాట. ఆ సంగతి తెలియక బాగున్న కారుని తెచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఓపికగా చెప్పి పంపడమూ మీ పనే. అందుకే బానెట్ ఎత్తకముందే డ్రైవర్ సీట్లో కూర్చుని మీ కాలితో తొక్కి చూడండి.

ఇంజన్ ఐడిల్‌లో ఉంచి ముందు గట్టిగా తొక్కండి. తర్వాత బొటనవేలి దగ్గరి భాగంతో తేలిగ్గా నొక్కి అలాగే పట్టుకోండి. మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పులు అరిగినప్పుడు ఒక విచిత్రం కనిపిస్తుంది: గట్టిగా తొక్కితే ఒత్తిడికి కప్పు అంచు గోడకు అదుముకుని పెడల్ నిలుస్తుంది, తేలిగ్గా నొక్కితేనే మెల్లగా జారుతుంది. కాలు బలంగా వేసి చూసి ‘బాగానే ఉంది’ అని పంపేసేవాళ్లకు దొరకనిది ఇక్కడే.

ఇప్పుడు రిజర్వాయర్ చూడండి. ఆయిల్ తగ్గుతుంటే బయట ఎక్కడో కారుతోంది. చక్రాల లోపలి వైపు, డ్రమ్ ప్లేట్ల అడుగున, కాలిపర్ల దగ్గర, రబ్బరు హోస్‌ల చివర్లలో తడి ఉందేమో వెతకండి. ఎక్కడా కనబడకపోతే మాస్టర్ సిలిండర్ నట్లు వదులు చేసి, బూస్టర్‌తో కలిసేచోట వేలు పెట్టి చూడండి. వెనక సీల్ పోతే ఆయిల్ బూస్టర్‌లోకే వెళ్తుంది, నేల మీద ఒక్క చుక్క కూడా పడదు. ప్యాడ్లు అరిగినా లెవెల్ కొంత తగ్గుతుందని గుర్తుంచుకోండి.

లెవెల్ తగ్గకుండానే పెడల్ దిగుతుంటే అనుమానం మాస్టర్ సిలిండర్ లోపలి కప్పుల మీదికి పోతుంది. అనుమానంతో ఆగొద్దు. దాని పైపులు విప్పి, ఆ రంధ్రాలకు సరైన ప్లగ్‌లు బిగించి, ఎయిర్ తీసి, తొక్కండి. రాయిలా నిలిస్తే సిలిండర్ బాగుంది, లోపం ముందుకెళ్లి వెతకాలి. ఏబీఎస్ యూనిట్ లోపల వాల్వ్ సరిగా మూసుకోకపోయినా ఇదే లక్షణం వస్తుంది. ప్లగ్‌లు బిగించినా పెడల్ దిగితే మాత్రం సిలిండరే దోషి.

సిలిండర్ లోపల గీతలు, తుప్పు ఉంటే రిపేర్ కిట్ వేసి లాభం లేదు, మొత్తం మార్చాలి. కొత్తదాన్ని వైస్‌లో పట్టి ముందే ఎయిర్ తీసి బిగించండి. ఆయిల్ మూత మీద రాసి ఉన్న రకమే పోయాలి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. తెరిచి వదిలేసిన డబ్బా వాడకూడదనేది అందుకే. ఇంజన్ ఆయిల్ పొరపాటున కలిసినా సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి.

ఎయిర్ తీసేటప్పుడు సీట్లో హెల్పర్, చక్రం దగ్గర మీరు. ‘తొక్కు, పట్టుకో’ అన్నాక నిపుల్ వదలాలి, బిగించాకే ‘వదులు’ అనాలి. పాత కారులో పెడల్‌ని అడుగు దాకా తొక్కించకండి. కప్పులు ఎన్నడూ తిరగని చోట పేరుకున్న తుప్పు మీదికి వెళ్లి చిరుగుతాయి. పెడల్ కింద చెక్కముక్క పెడితే చాలు. అన్నీ అయ్యాక ఖాళీ జాగాలో నెమ్మదిగా నడిపి చూడనిదే తాళాలు ఇవ్వొద్దు. మధ్యలో ఆపేసిన బ్రేకు పని ఒక కుటుంబం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక చదువు సంగతి. మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడ్, పదో తరగతి పాసైతే చాలు. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ ఇంజనీరింగ్ డిప్లొమా మూడేళ్లు చేయొచ్చు. అది సూపర్‌వైజర్, సర్వీస్ అడ్వైజర్ ఉద్యోగాలకు దారి. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన శిక్షణ కేంద్రాలుగా మార్చే పని మొదలైంది, దగ్గర్లో ఉంటే వెళ్లి అడగండి. ఐటీఐ అయ్యాక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్‌తో పని నేర్చుకునే అవకాశం ఉంది. ఆర్టీసీ డిపోలూ అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. కాకపోతే బస్సులవి ఎయిర్ బ్రేకులు, కార్ల లైన్ కావాలంటే డీలర్ సర్వీస్ సెంటరే మేలు.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అంటే స్పానర్‌తో పాటు స్కానర్ కూడా చేతికి రావాలి. కొన్ని మోడళ్లలో ఏబీఎస్ యూనిట్‌లోని ఎయిర్ స్కానర్ పెట్టి పంప్ తిప్పితే తప్ప బయటికి రాదు. ఎలక్ట్రిక్ కార్లలో మోటారే కొంత బ్రేకు వేసినా చక్రాల దగ్గర హైడ్రాలిక్స్ అలాగే ఉన్నాయి. హై వోల్టేజ్ శిక్షణ మాత్రం వేరుగా తీసుకోవాలి.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట షెడ్డులో చేరేవాళ్లు జీతం ఎంతని అడిగే ముందు ఒక పూట నిలబడి చూడండి. అక్కడి మేస్త్రీ సామాను తెప్పించే ముందు బండి నడిపి చూస్తున్నాడా, జాకీ మీదే వదలకుండా స్టాండ్లు పెడుతున్నాడా, హెల్పర్ ‘ఎందుకన్నా?’ అని అడిగితే చెబుతున్నాడా? ఈ మూడూ ఉంటే మొదట్లో రూపాయి తక్కువ ఇచ్చినా చేరండి.