తాము పెట్టని గుడ్లు

పాఠ్యభాగము: గలతీయులకు 6:1–10. తోడుగా చదువవలసినవి: యిర్మీయా 17:11, 1 తిమోతి 5:3–16.



ఆకాశపక్షులను చూచి నేర్చుకొనుడని మన ప్రభువు తన శిష్యులకు బోధించెను. గనుక ఈ నెల పాఠమును మన చేల గట్లమీదనే నేర్చుకొందము.

మన నల్లగొండ, పాలమూరు పల్లెలలో వేపచెట్ల క్రిందను, కంచెల ప్రక్కను, రాలిన ఆకులను తిరుగవేయుచు, గోలచేయుచు, ఆరేడు కలిసి తిరుగు బూడిదరంగు పిట్టలను మీరెల్లరు చూచియున్నారు. పక్షిశాస్త్ర గ్రంథములలో వీటికి సిడ అను తెలుగు పేరు కలదు. హిందీవారు వీటిని ఏడుగురు అన్నదమ్ములని పిలుతురు. ఇవి ఒంటరిగా కనబడుట అరుదు.

గుంపులో సాధారణముగా ఒక జంటయే గూడు కట్టి, మూడు నాలుగు నీలిరంగు గుడ్లు పెట్టును. అయితే పిల్లలు బయటికి వచ్చిన తరువాత తల్లిదండ్రులే గాక, గుంపులోని తక్కిన పిట్టలును పురుగులను తెచ్చి వాటి నోట పెట్టును. ఆ సహాయకులలో అనేకము అదే జంటకు ముందు పుట్టిన పిల్లలే. శత్రువు కనబడినయెడల అన్నియు ఏకమై అరచును.

ఇట్టి మంచి కాపురములోనికి మోసము ప్రవేశించు విధమును చూడుడి. వానకాలమున తలపై జుట్టుగల నలుపు తెలుపు కోకిల యొకటి మన ప్రాంతమున కూయును. కవులు వర్ణించిన చాతకము ఇదియేనని చెప్పుదురు. ఇది తనకు గూడు కట్టుకొనదు. సిడ గూటిలో రహస్యముగా గుడ్డు పెట్టి పోవును. ఆ గుడ్డును నీలిరంగుదే. నల్లకోకిల కాకిగూటిలో గుడ్డు పెట్టునని మీరెరుగుదురు; ఇదియు అట్టిదే. చాతకపు పిల్ల తోడి పిల్లలను క్రిందికి త్రోయదు గాని, తిండిలో పెద్దవాటా లాగుకొనును. అందుచేత సొంత పిల్లలలో కొన్ని చిక్కి చచ్చుటయు కలదు. గూడు విడిచిన తరువాతను అది నోరు తెరచి అరచుచుండగా సిడలు దానిని మేపుచునే యుండును. ఆంథనీ గాస్టన్ అను శాస్త్రజ్ఞుడు ఢిల్లీ ప్రాంతమున ఈ సంగతులను పరిశీలించి 1976లో ప్రకటించెను.

యిర్మీయా ప్రవక్తయు తాను పెట్టని గుడ్లను పొదుగు కౌజుపిట్టను గూర్చి చెప్పెను. అక్కడ ఎవరిని గద్దించెనో గమనించుడి. అన్యాయముగా ఆస్తి కూర్చుకొనువానిని గద్దించెను. ఆకలితో నోరు తెరచిన పసిపిల్లను ఏ ప్రవక్తయు గద్దింపలేదు.

ఇప్పుడు మన పల్లెలకు వత్తము. వానలు తప్పినప్పుడు ఈ నేలనుండి జనులు కూలికై హైదరాబాదుకు, ముంబయికి, పూణెకు పోవుట ఎంతో కాలముగా ఉన్నది. పిల్లలు అవ్వల యొద్ద నిలిచిపోదురు. తలిదండ్రులలో అనేకులు కడుపు కట్టుకొని డబ్బు పంపుదురు. కొందరు పంపరు. అప్పుడు సంఘములో ఒక మాట పుట్టును: “కన్నవారు అక్కడ తిని తిరుగుచుండగా వారి పిల్లలకు మనమెందుకు పెట్టవలెను? కాకి కోకిలపిల్లను సాకినట్లు కాదా?” ఆ మాట ఆ పిల్ల చెవిని పడినయెడల పళ్ళెములోని ముద్ద గొంతు దిగదు.

అయినను ఈ ప్రశ్నను కొట్టివేయరాదు. పౌలు రెండవ వచనములో మనము ఒకరి భారములను ఒకరము మోయవలెనని చెప్పి, అయిదవ వచనములో ఎవరి బరువును వారే మోయవలెనని చెప్పెను. ఇది ఒకదానికొకటి విరోధము కాదు. మూలభాషయైన గ్రీకులో ఇవి రెండు వేరు మాటలు. మొదటిది మనిషిని క్రుంగదీయు భారము. రెండవది ప్రయాణికుడు తన భుజమున మోసికొను మూట. తన మూటను పొరుగువాని నెత్తిన పెట్టి పోవువాడు తప్పు చేయుచున్నాడు. అయితే కుమారుడు దించిపోయిన మూట డెబ్బది ఏండ్ల ముసలమ్మ నెత్తికెక్కినప్పుడు అది మూటగా నుండదు, క్రుంగదీయు భారమగును. అప్పుడు ఆ కుమారునికి అయిదవ వచనమును, మనకు రెండవ వచనమును వర్తించును. తిమోతికి వ్రాసిన పత్రికలోను ఇదే క్రమము కలదు: మొదట సొంత ఇంటివారు తమ పని చేయవలెను, దిక్కులేని వారిని సంఘము చూడవలెను.

మరియొక సంగతి వినుడి. 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, ఆస్ట్రేలియా దేశపు చిన్న పిట్టలు కొన్ని కూడ ఇట్లే గుంపుగా పిల్లలను సాకుననియు, గుంపు పెద్దదైనకొలది అవి కోకిలను బాగుగా కనిపెట్టి తరుముననియు తేలెను. అనగా కలిసి సాకువారే కలిసి కావలి కాయగలరు. ప్రేమ గ్రుడ్డిది కానక్కరలేదు. ఒక్క ఇల్లు మోసపోవచ్చును, అలసిపోవచ్చును. పది యిండ్లు కలిసినయెడల పిల్లకు అన్నమును దొరకును, తండ్రికి బుద్ధిమాటయు అందును.

గనుక మన సంఘములు మూడు పనులు చేయవచ్చును. మొదటిది, పిల్లలను పెంచుచున్న అవ్వలెవరో పెద్దలు ఇంటింటికి పోయి తెలిసికొనవలెను. రెండవది, పిడికెడు బియ్యమునుండి వారికి వంతు ఏర్పరచి, ఆ పిల్లలను బడికి పంపు బాధ్యతను వంతులవారీగా తీసికొనవలెను. మూడవది, పండుగకు ఊరికి వచ్చిన తలిదండ్రులతో పిల్లల యెదుట కాక ఏకాంతమున, ఈ అధ్యాయపు మొదటి వచనము నేర్పు సాత్వికముతో మాటలాడవలెను.

నాగర్‌కర్నూలు, దేవరకొండ మిషను బోర్డింగులలో మన పెద్దలలో పలువురు చదివిరి. తమ్మును కననివారి చేతి అన్నము తిని పెరిగినవారి సంతతి మనము. ఆ ముద్దను మరువకుందము.

ఆలోచింపవలసిన ప్రశ్నలు:
1. మన వీధిలో ఒంటరిగా భారము మోయుచున్న అవ్వ ఎవరు?
2. నేను మోయవలసిన మూటను ఎవరి నెత్తినైనను పెట్టితినా?

ప్రార్థన: తండ్రీ, మమ్మును నీ కుటుంబములో చేర్చుకొంటివి. నీవు మా మధ్య నుంచిన ప్రతి బిడ్డను మా బిడ్డగా చూచు మనస్సును, సత్యము పలుకు ధైర్యమును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.